గేటు ఎత్తే ముందు: వంశధార లెక్క, ఉద్దానం దాహం



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆయన గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు చాలా చెప్పారు. నేను ఒక్కటే కలుపుతాను. వంశధార ఎడమ కాలువ మీద పనిచేసిన రోజుల్లో ఆయన రాసిన గేజీ రిజిస్టరు ఒకటి వాళ్లబ్బాయి నాకు చూపించారు. తేదీ, మట్టం, వదిలిన నీరు అని మూడు గళ్లు అచ్చయి ఉన్నాయి. పక్కనున్న ఖాళీలో ఆయన పెన్సిలుతో నాలుగో గడి గీసుకుని దాని నెత్తిన 'ఎందుకు' అని రాసుకున్నారు. ఒక రోజు ఎదురుగా 'శివారులో ఆకుమడి ఎండుతోంది' అని ఉంది. ఇంకో రోజు 'పైన వాన, రేపు తగ్గించాలి' అని ఉంది. మరో చోట 'ఫోను వచ్చింది' అని మాత్రమే ఉంది. ఎవరి ఫోనో రాయలేదు, పెద్దమనిషి కదా. నా ఉపన్యాసమంతా ఆ నాలుగో గడి గురించే.

జలాశయం నడపడమంటే గేటు ఎత్తడం, దించడం అనుకుంటారు. గేటు ఎత్తేది మోటారు. ఎప్పుడు ఎత్తాలి, ఎవరి కోసం ఎత్తాలి, ఎత్తితే మే నెలకు ఏం మిగులుతుంది అని తేల్చుకునేది మనిషి. తేల్చుకునే వేళ అతని దగ్గర రేపటి వాన గురించి ఖాయమైన కబురు ఏనాడూ ఉండదు. ఆ అనిశ్చితిలో ఎలా తేల్చుకోవాలో ముందుగా కంప్యూటరు మీద నడిపి చూసుకోవడాన్నే సిమ్యులేషన్ అంటున్నాం.

పేరు పెద్దదే గానీ లోపలి లెక్క చిన్నపిల్లల కూడికలు, తీసివేతలే. ఇవాళ్టి నిల్వకు వచ్చిన నీరు కలపాలి. వదిలింది, ఆవిరైంది, ఇంకింది తీసెయ్యాలి. మిగిలింది రేపటి నిల్వ. పూర్తి మట్టం దాటితే పొర్లిపోతుంది, కనీస మట్టం కిందికి దిగితే తూముకు అందదు. ఈ లెక్కను రోజుకొకసారి చొప్పున ముప్పై నలభై ఏళ్ల పొడుగునా వేయాలి. గేటు నిబంధన మార్చి మళ్లీ మొదటినుంచి వేయాలి. చేత్తో వేస్తే ఒక జీవితం పట్టే ఈ పని కంప్యూటరుకు నిమిషాల్లో అవుతుంది. అమెరికా సైనిక ఇంజనీర్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న హెచ్‌ఈసీ-రెస్‌సిమ్, కొలరాడో విశ్వవిద్యాలయం వారి రివర్‌వేర్, స్టాక్‌హోమ్ పర్యావరణ సంస్థ వారి వీప్, డెన్మార్కు నుంచి వచ్చిన మైక్, ఇవన్నీ చేసేది ఇదే. మన దేశంలో భాక్రా, బియాస్ జలాశయాలకు జలవిజ్ఞాన ప్రాజెక్టు రెండో దశలో ఇలాంటి వ్యవస్థను అమర్చారు. ఏది మంచిది సార్ అని విద్యార్థులు తరచూ అడుగుతారు. మీ నది మీకు తెలిస్తే ఏదైనా మంచిదే. తెలియకపోతే అన్నీ అందమైన బొమ్మలు వేసిపెడతాయి.

మన నది సంగతికి వద్దాం. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి 254 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పరీవాహకం 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో నాలుగింట మూడు వంతులు ఒడిశాలోనే ఉంది. అంటే మన కాలువలో పారే నీటి వాన చాలావరకు మనకు కనపడని కొండల మీద పడుతుంది. కొండలు నిటారు, దారి పొట్టి. వాన పడితే నీరు గబగబా వచ్చి గబగబా వెళ్లిపోతుంది.

ఈ నది మీద మనకున్న ఏర్పాట్లు చాలామందికి తెలిసినవే. గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ కాలువ హిరమండలం మీదుగా టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు దాకా నూరు కిలోమీటర్లకు పైగా వస్తుంది. దాని కింద 1,48,230 ఎకరాల ఆయకట్టు. గొట్టాకు నిల్వ లేదు, వచ్చినది వచ్చినట్టు మళ్లించడమో వదలడమో తప్ప దాచుకోలేదు. ఆ దాచుకునే పనికి హిరమండలం జలాశయాన్ని కట్టారు. సామర్థ్యం 19.05 టీఎంసీలు. దాన్ని నింపడానికి అసలు అనుకున్నది నేరడి దగ్గర బ్యారేజీ. ఒడిశా అభ్యంతరంతో అది ఆగింది. అందుకే పైన భామిని మండలం కాట్రగడ్డ దగ్గర నది పక్కన సైడ్ వియర్ పెట్టి, వరద కాలువ తవ్వి నీరు తెచ్చే దారి చూశారు. తగాదా 2010లో ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. నేరడికి అనుమతి దొరికింది గానీ బ్యారేజీ ఇంకా కాగితం మీదే ఉంది. సైడ్ వియర్ నుంచి మాత్రం జూన్ 1 మొదలు నవంబరు 30 లోపల, 8 టీఎంసీలకు మించకుండా తీసుకోవాలి. ఆ లోటు పూడ్చడానికే గొట్టా నుంచి జలాశయంలోకి ఎత్తిపోతల తలపెట్టారు. ఇవి కాక జలాశయం నుంచి నాగావళి మీద నారాయణపురం ఆనకట్టకు అనుసంధాన కాలువ ఉంది. గొట్టాకు పైన వంశధారలో కలిసే మహేంద్రతనయ మీద, మెళియాపుట్టి మండలం రేగులపాడు దగ్గర, 2.1 టీఎంసీల ఆఫ్‌షోర్ జలాశయం పని ఏళ్ల తరబడి సాగుతోంది. 24,600 ఎకరాలకు నీరివ్వాలని దాని ఉద్దేశం. అక్కడ ఆపిన ప్రతి చుక్కా గొట్టాకు రాని చుక్కే. ఇన్ని ముడులున్న చోట ఒక గేటు సంగతి విడిగా తేల్చలేం.

ఇప్పుడు చిన్న లెక్క. విద్యార్థులు కాగితం తీయండి. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు. రోజుకు 86,400 సెకన్లు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. కాబట్టి లక్ష క్యూసెక్కుల వరద ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు. సైడ్ వియర్‌కు ఆరు నెలలకు ఇచ్చిన వాటా కన్నా ఎక్కువ నీరు, ఒక్క వరద రోజున మన కళ్లముందే కళింగపట్నం వెళ్లిపోతుంది. వరద కాలువ ఆ రోజంతా వెయ్యి క్యూసెక్కుల చొప్పున లాగుతుందని లెక్క కోసం అనుకుందాం. ఆ రోజు మనకు దక్కేది 0.086 టీఎంసీ. 8 టీఎంసీలు రావాలంటే అలాంటి రోజులు 93 కావాలి.

ఇంకో అడుగు వేద్దాం. ఒక సెప్టెంబరులో సగటు ప్రవాహం 10,000 క్యూసెక్కులు అనుకోండి. నీరు నెలంతా నింపాదిగా పారితే ముప్పై రోజులూ వెయ్యేసి క్యూసెక్కులు లాగి 2.6 టీఎంసీలు నింపుకుంటాం. అదే మొత్తం నీరు మూడు రోజుల్లో లక్షేసి క్యూసెక్కులుగా వచ్చి, మిగతా ఇరవై ఏడు రోజులూ నది అడుగంటితే మనకు దక్కేది 0.26. నెలవారీ రిజిస్టరులో ఈ రెండు సెప్టెంబర్లూ ఒకటే. జలాశయంలో మాత్రం పదింతల తేడా. వంశధారలో నీళ్లు లేవని ఎవరూ అనలేరు, నీళ్లున్న రోజులే తక్కువ. అందుకే నెలవారీ అంకెలతో హిరమండలాన్ని నడిపి చూపిస్తానంటే నేను నమ్మను. అలాంటి నివేదిక వేసినవాళ్లు కాట్రగడ్డ దగ్గర ఒక వానాకాలం నిలబడలేదన్న మాట.

1962 సంవత్సరం ఈ కథలో రెండుసార్లు వస్తుంది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్, ఒడిశా వంశధార నీటిని చెరి సగం పంచుకోవాలని ఒప్పుకున్నాయి. మొత్తం 115 టీఎంసీలు, ఎవరి వాటా వారికి 57.5. అదే ఏడు అమెరికాలో హార్వర్డ్ జల కార్యక్రమం వాళ్లు నీటి వ్యవస్థల రూపకల్పన మీద ఒక పెద్ద పుస్తకం వెలువరించారు. అందులో హెరాల్డ్ థామస్, మైరాన్ ఫీరింగ్ రాసిన అధ్యాయం ఒకటుంది. దాని సారాంశం ఇది: గడిచిన నలభై ఏళ్ల ప్రవాహం మళ్లీ అచ్చంగా అలాగే రాదు. కాబట్టి ఆ నలభై ఏళ్ల స్వభావం చూసి, అలాంటివే కొన్ని వందల కల్పిత సంవత్సరాల వరసలు తయారు చేసుకోవాలి. సగటు ఎంత, ఊగిసలాట ఎంత, ఈ నెల ప్రవాహం గత నెలకు ఎంతవరకు లోబడుతుంది అని చూసి, మిగిలిన భాగాన్ని పాచిక వేసినట్టు యాదృచ్ఛికంగా తీసుకోవాలి. అన్ని వరసల మీదా జలాశయాన్ని నడపాలి. అప్పుడు జవాబు ఒక అంకెగా రాదు, ఎన్నిసార్లు గట్టెక్కాం, ఎన్నిసార్లు మునిగాం అన్న పట్టికగా వస్తుంది.

మన ఒప్పందమేమో ఒక అంకె మీద నిలబడింది. తప్పు పట్టడం లేదు, రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టాలంటే అంకె కావాలి. ఆ అంకె వెనకున్న 75 శాతం విశ్వసనీయత అంటే నూరేళ్లలో డెబ్బై అయిదేళ్లు అంత నీరో అంతకు మించో వస్తుందని. మిగిలిన ఇరవై అయిదేళ్లు ఎలా వస్తాయో ఆ అంకె చెప్పదు. నాలుగేళ్లకొక కరువు వస్తే నందిగాం కౌలు రైతు ఒక ఏడు అప్పు చేసి మూడేళ్లలో తీర్చుకుంటాడు. రెండు కరువులు వెంటవెంటనే వస్తే పిల్లల చదువు మాన్పించి చెన్నైకో హైదరాబాదుకో వలస పోతాడు. విశ్వసనీయత రెండింటికీ 75 శాతమే. 1982లో హషిమోటో, స్టెడింజర్, లౌక్స్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో ఈ లోపాన్ని చూపించారు. ఎన్నిసార్లు విఫలమయ్యాం, విఫలమయ్యాక ఎంత త్వరగా తేరుకున్నాం, విఫలమైనప్పుడు దెబ్బ ఎంత లోతుగా తగిలింది అని మూడు కొలతలూ కావాలన్నారు. నన్ను అడిగితే శ్రీకాకుళానికి రెండోది ముఖ్యం. తేరుకోవడానికి పట్టే కాలాన్నిబట్టే ఇక్కడ ఊళ్లు ఖాళీ అవుతాయో లేదో తేలుతుంది.

పాచికతో తేలే అనిశ్చితి ఒకటి. పాచికకు లొంగని అనిశ్చితి ఇంకొకటి ఉంది. ఒడిశా తన 57.5 టీఎంసీల వాటాను ఎప్పటికి, ఎక్కడ వాడుకుంటుంది అన్నది వాన కాదు, నిర్ణయం. హరభంగి ప్రాజెక్టు ఇప్పటికే వంశధార ఉపనది నీటిని రుషికుల్య వైపు మళ్లిస్తోంది. రేపు ఏం కడతారో సంభావ్యత లెక్కలు చెప్పలేవు. నేరడి ఎప్పటికి లేస్తుందో కూడా అంతే. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. అలాంటి భేటీల ఫలితానికి ఎంత శాతం వేస్తారు? ఇక్కడ చేయదగ్గ పని వేరు. పైన ఇప్పటి వాడకమే సాగితే ఒక కథ, ఒడిశా పూర్తి వాటా వాడితే ఒక కథ, నేరడి వస్తే ఒకటి, రాకపోతే ఒకటి అని విడివిడిగా నడపాలి. అన్ని కథల్లోనూ చెడిపోకుండా నిలిచే గేటు నిబంధన ఏదో చూసుకోవాలి. ఒక్క కథలో అద్భుతంగా పండి మిగతా మూడింటిలో మునిగే నిబంధనను పక్కన పెట్టాలి.

గేట్ల సంగతి కూడా లెక్కలోకి రావాలి. ఇది మన ఇంజనీర్లు ఇష్టపడని విషయం. సాఫ్ట్‌వేరులో గేటు ఎత్తమంటే ఎత్తుకుంటుంది. 2021 ఆగస్టులో పులిచింతలలో ఒక గేటు కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి పోయింది. నిండు జలాశయాన్ని మరమ్మతు కోసం ఖాళీ చేసుకుంటూ రావలసి వచ్చింది. ఏ గేటు ఏ రోజు మొరాయిస్తుందో తెలియదన్నదాన్ని కూడా పాచికల్లో కలపనిదే మన సిమ్యులేషన్ కొత్త డ్యాముల కథ అవుతుంది, మన డ్యాముల కథ కాదు.

తిత్లీ రోజు ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందసల్లో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి. వాన ఒడిశా గజపతి కొండల మీద కురిసింది, వంశధార, మహేంద్రతనయ పొంగాయి. ఆ తుఫాను ఇంకాస్త ఉత్తరానికి జరిగి తీరం దాటితే ఆ వాన రుషికుల్యలో పడేది, దక్షిణానికి జరిగితే నాగావళిలో. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటాయి. సముద్రంలో తుఫాను ఉన్న రెండు రోజుల్లో దాని దారి గురించిన అంచనా మారుతూనే ఉంటుంది. అందుకని ఒకే ముందస్తు అంచనాను పట్టుకుని గేటు నిర్ణయించకూడదు. వాతావరణ నమూనాలు ఇచ్చే పదుల దారులను ఒక్కొక్కటిగా నదిలోకి పంపి, ఎన్నిటిలో గొట్టా దగ్గర ఎంత నీరు వస్తుందో చూడాలి. గొట్టా వరదను దాచుకోలేదు కాబట్టి అక్కడ ఇది కాలువ హెడ్ రెగ్యులేటర్లు ఎప్పుడు మూయాలి, లోతట్టు ఊళ్లకు ఎన్ని గంటల ముందు కబురు పెట్టాలి అన్న ప్రశ్న అవుతుంది.

తిత్లీ ఇంకో పాఠం నేర్పింది, అది నదికి సంబంధించింది కాదు. కరెంటు స్తంభాలు కూలి తీరం వెంటనున్న ఉద్దానం ప్రాంతంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేక మోటార్లు ఆగిపోతే బావిలో నీళ్లుండి కూడా బిందె నిండదు. ఇప్పుడు ఉద్దానం తాగునీరు హిరమండలం జలాశయం మీద ఆధారపడింది. 2023 డిసెంబరులో మొదలైన సుమారు రూ.700 కోట్ల పథకం అక్కడి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నీరు పంపుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఏడు మండలాల్లో 807 ఊళ్లకు. జలాశయం నిండుకుండలా ఉన్నా కరెంటు పోతే కవిటిలో కుళాయి ఎండుతుంది. కాబట్టి తాగునీటి సిమ్యులేషన్‌లో తుఫాను వచ్చిన రోజున నది మాత్రమే పొంగితే సరిపోదు. పంపులు ఆగాలి, ఊళ్లోని ట్యాంకులో ఎన్ని రోజుల నీరుందో చూడాలి, జనరేటరుకు డీజిలు చేరే దారి ఎన్ని రోజులకు తెరుచుకుంటుందో కూడా అందులో ఉండాలి.

ఈ తాగునీటి సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. ఉద్దానంలో ఇంతమందిని పట్టిన కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. నీటి మీద అనుమానం ఉంది, రుజువు లేదు. తేలేలోపు శుభ్రమైన నదీ జలం ఇవ్వాలన్నది సరైన నిర్ణయమే. ఏడాదికి దీనికి కేటాయించింది 1.12 టీఎంసీలు. 19 టీఎంసీల జలాశయంలో ఇదెంత అనిపిస్తుంది. ఎండాకాలం లెక్క వేసి చూడండి. ఒక చదరపు కిలోమీటరు నీటి మీద ఒక మీటరు ఆవిరైతే పది లక్షల ఘనమీటర్లు పోతాయి. నీటి విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయిందనుకున్నా కోటి ఘనమీటర్లు, అంటే 0.35 టీఎంసీ. ఉద్దానం ఏడాది తాగే నీటిలో దాదాపు మూడో వంతును ఎండే తాగేస్తుంది. పైగా తూముకు అందని అడుగు నీటిని లెక్కలోంచి తీసెయ్యాలి. ఫిబ్రవరిలో రెండో పంటకు మరో నాలుగు తడులు ఇవ్వండి అని ఒత్తిడి వచ్చినప్పుడు, జూలై ఆఖరుదాకా తాగునీటికి ఎంత పక్కన పెట్టాలో ఆ రోజే తెలియాలి. జూన్‌లో వానలు ఆలస్యమైన సంవత్సరాలను వందల కొద్దీ నడిపి, అన్నిటిలోకీ చెడ్డ వాటిలో కూడా తాగునీరు ఆగని నిల్వ గీత ఒకటి గీసుకోవాలి. ఆ గీత కిందికి దిగాక సాగుకు చుక్క వదలకూడదు. పంటకు 75 శాతం చాలు. కిడ్నీ రోగి ఇంటి కుళాయికి 75 శాతం అంటే నాలుగేళ్లకోసారి మళ్లీ పాత బోరు దగ్గరికే పంపడం.

సాగునీటి విషయంలో ఇంజనీర్లు అంతగా ఒప్పుకోని ఒక పద్ధతి ఉంది. మామూలుగా మనం ఉన్నంతకాలం పూర్తిగా ఇస్తాం, అయిపోయాక ఆపేస్తాం. అలా చేస్తే ఎగువ మదుముల కింద పంట చేతికొస్తుంది, శివారులో పొట్ట దశలో ఉన్న వరి ఎండుతుంది. వజ్రపుకొత్తూరు వైపు చివరి పిల్లకాలువ మీద లస్కరు రాత్రి లాంతరుతో షట్టరు దగ్గర కూర్చునేది ఆ రోజుల్లోనే. పగలు తాను దించిన షట్టరును ఎవరో స్పానరు పెట్టి తిప్పేస్తారు, ఉదయానికి దిగువన కాలువ అడుగు కనిపిస్తుంది. లస్కరును తిట్టి లాభం లేదు. సీజను మొదట్లోనే నిల్వ చూసి, ఈ ఏడు అవకాశం తక్కువగా ఉందని తేలితే, మొదటి నెల నుంచే అందరికీ కొద్దిగా కోత పెట్టి వంతులవారీగా ఇవ్వాలి. ఉభాలకు ముందే చెబితే శివారు రైతు వరి మాని అపరాలో చిరుధాన్యమో వేసుకుంటాడు. వందల కల్పిత సంవత్సరాల మీద ఈ రెండు పద్ధతులనూ నడిపి పోల్చడం టెక్కలి కళాశాల విద్యార్థి ఒకడు ఒక సెమిస్టరులో చేయగల ప్రాజెక్టు. మొదటి పద్ధతిలో మొత్తం దిగుబడి కొంచెం ఎక్కువ రావచ్చు. రెండో పద్ధతిలో పూర్తిగా నష్టపోయే కుటుంబాలు తక్కువుంటాయి. ఏది కావాలో సాఫ్ట్‌వేరు చెప్పదు, చెప్పకూడదు కూడా. అది ఆయకట్టుదారులు కూర్చుని తేల్చుకోవలసింది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరానికి పైన వైవెన్‌హో డ్యాం ఉంది. తాగునీరూ అదే, వరద రక్షణా అదే. వాళ్లకు నిబంధనల పుస్తకం ఉంది, మంచి సాఫ్ట్‌వేరు ఉంది, అనుభవమున్న ఇంజనీర్లు ఉన్నారు. 2011 జనవరిలో వరద నగరాన్ని ముంచింది. ముందుగా వచ్చిన వాన అంచనాను నమ్మి నీరు వదలాలా, నేల మీద పడిన వాననే లెక్కలోకి తీసుకోవాలా అన్నది కోర్టు దాకా వెళ్లింది. 2019లో ఇంజనీర్లది నిర్లక్ష్యమని ఒక తీర్పు వచ్చింది, 2021లో పై కోర్టు డ్యాం నడిపే సంస్థ విషయంలో దాన్ని కొట్టేసింది. న్యాయమూర్తులకే తేల్చడం ఇంత కష్టమైన విషయాన్ని అర్ధరాత్రి వానలో ఒక ఇంజనీరు నెత్తిన పెడుతున్నాం. ఏ మట్టం దాటితే, ఏ అంచనా వస్తే, ఎంత వదలాలన్నది ముందే రాసి, నడిపి చూసి, అందరికీ తెలియజేసి ఉంటే ఆ రాత్రి అతను నిబంధన పాటిస్తాడు. లేకపోతే ఫోను కోసం ఎదురు చూస్తాడు.

సిమ్యులేషన్ వల్ల అసలు లాభం నా దృష్టిలో అదే. భవిష్యత్తును అది చెప్పదు. నీరు తక్కువైతే ముందు ఎవరికి కోత పడుతుందన్న మాటను నీరు తక్కువ కాకముందే పైకి అనిపిస్తుంది. ఆ మాట పైకి అనడం ఇష్టంలేని చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు తెచ్చినా బీరువాలో నివేదిక అవుతుంది. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. హిరమండలం ముంపులో ఊరు పోగొట్టుకున్న నిర్వాసితులు ఈ లెక్కలో ఎక్కడా లేరు. నిల్వ, విడుదల, ఆవిరి అన్న గళ్లలో వాళ్లకు చోటు లేదు. వాళ్ల ఊళ్ల మీద నిలిచిన నీటిని ఎలా పంచుతున్నామో తెలుసుకునే హక్కు మాత్రం అందరికన్నా ముందు వాళ్లకుంది.

మన రాష్ట్రంలో జలాశయాల మట్టాలు ఇప్పుడు ఆన్‌లైనులో రోజూ కనిపిస్తున్నాయి. అది మంచి మొదలు. కానీ నిల్వ ఎంతుందో చూడటం వేరు, ఆ నిల్వతో ఏం చేయబోతున్నారో ముందే తెలుసుకోవడం వేరు. నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. మే నెలలోనే వంశధార అధికారులు ఒక్క పేజీ కాగితం విడుదల చేయాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను. ఇవాళ్టి నిల్వ ఎంత, తాగునీటి గీత ఎక్కడ, ఈ ఏడు శివారు దాకా నీరు చేరే అవకాశం పదేళ్లలో ఎన్నేళ్లు, తక్కువైతే కోత ఏ వరసలో పడుతుంది. శాతాలు వద్దు, పదేళ్లలో ఆరేళ్లు అని చెబితే ఏ రైతుకైనా అర్థమవుతుంది. కాట్రగడ్డ, గొట్టా, హిరమండలాల రోజువారీ పాత అంకెలు కూడా కళాశాలలకు ఇవ్వాలి. విద్యార్థులు లెక్క వేసి తప్పులుంటే పట్టుకోనివ్వండి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు మనకున్నాయి. ఆ సంఘాల అధ్యక్షులు ఈ సభలో కొందరు కూర్చుని ఉన్నారు. వచ్చే మే నెలలో ఆ కాగితం రాకపోతే, మీరే వెళ్లి అడగండి.